నాన్న పోరాడలేదా?

ప్రశ్న: మా నాన్నగారు పోర్టులో చేసి రిటైరయ్యారు. ఊపిరితిత్తుల క్యాన్సర్, నాలుగో స్టేజి. ఇక కీమో వద్దు, బాధ తగ్గించే వైద్యం చేద్దామన్నారు డాక్టరుగారు. చుట్టాలేమో ఫోన్ చేసి "ధైర్యంగా పోరాడు బావా, క్యాన్సర్ని జయించినవాళ్లు ఎంతమంది లేరు" అంటున్నారు. నాన్న "సరుకు దించేసిన ఓడ హార్బర్లో ఎన్నాళ్లుంటుందిలే" అంటే, అపశకునం మాటలొద్దని అందరూ నోరు మూయిస్తున్నారు. నిన్న రాత్రి "నేను గట్టిగా పోరాడలేదంటావా?" అని అడిగారు. ఏం చెప్పను?
- ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: ఆయన తప్పేం లేదమ్మా, మందు పనిచేయని కణాలు పెరిగాయి కాబట్టి జబ్బు ముదిరింది, ఆయన ధైర్యం తగ్గి కాదు. ఇవాళే పక్కన కూర్చుని ఈ మాట చెప్పండి.

మీ చుట్టాలది ప్రేమే, కానీ యుద్ధం అన్నాక గెలుపోటములు వచ్చేస్తాయి, ఓడితే తప్పు మంచం మీదున్న మనిషిదే అయిపోతుంది. "డాక్టర్లు చేతులెత్తేశారు" అనే మాటంటే నాకు మరీ కోపం. వైద్యం ఆగలేదు కదా! నొప్పికి మార్ఫిన్ ఇస్తారు, ఆయాసానికి కూడా అది పనికొస్తుంది. అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి మీకు దగ్గరే, ఈ బాధ తగ్గించే వైద్యాన్నే పాలియేటివ్ కేర్ అంటారు, దాని గురించి అక్కడ అడగండి.

అలాగని పోరాటం అన్న మాటే ఇంట్లో వినపడకూడదని కాదు. బ్రిటన్‌లో లాంకాస్టర్ యూనివర్సిటీ వాళ్లు రోగులు, వాళ్లను చూసుకునేవాళ్లు, వైద్య సిబ్బంది మాట్లాడినవీ రాసినవీ కలిపి 15 లక్షల పదాల దాకా పరిశీలించారు. పోరాటం అనుకుంటే కొందరికి బలం వస్తోంది, కొందరు తమనే నిందించుకుంటున్నారు, జబ్బును ప్రయాణం అనుకున్నా ఇదే తంతు. అందుకని ఏ మాట మంచిదని నన్నడగడం కన్నా మీ నాన్నగారు ఏ మాట వాడుతున్నారో వినండి. ఆయన ఓడ అంటున్నారు. ఈసారి అన్నప్పుడు "దించాల్సిన సరుకు ఇంకేమైనా ఉందా నాన్నా?" అని అడిగి, కాసేపు ఊరుకోండి. బ్యాంకు కాగితాల సంగతి రావచ్చు, మాట్లాడుకోవడం మానేసిన తమ్ముడి ఊసు రావచ్చు.

వెంటిలేటర్ పెట్టాలా వద్దా అన్నది కూడా ఆయన్నే అడగాలి. అందరూ పోరాడమంటున్న ఇంట్లో, వద్దని చెప్పాలంటే ఆయనకెంత కష్టం! చివరి దశలో ఏ వైద్యం కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టుకునే లివింగ్ విల్‌ను సుప్రీంకోర్టు 2018లో ఒప్పుకుంది, 2023లో పద్ధతి సులువు చేసింది: ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ దగ్గరో గెజిటెడ్ అధికారి దగ్గరో ధ్రువీకరించుకుంటే చాలు. ఆయన సరేనంటే, ఓపికున్నప్పుడే ఆ పని చూడండి.