ఇంకా పొడవైన విండ్‌షీల్డ్ కొనే ముందు, ఉన్నది తీసేసి ఒకసారి వెళ్లి రండి

మీ ప్రశ్న చదువుతుంటే నాలుగేళ్ల కిందటి నా గోడే మళ్లీ విన్నట్టుంది. బెంగళూరు నుంచి నెలకు రెండుసార్లు బైక్ మీద అనంతపురం వెళ్తారు, దేవనహళ్లి దాటి 80కి రాగానే హెల్మెట్ దడదడలాడుతుంది, పొడవైన విండ్‌షీల్డ్ వేయిస్తే తగ్గకపోగా ఎక్కువైంది, ఇప్పుడు దానికంటే పొడవైనది కొనాలా అని అడిగారు. వద్దు. డబ్బులు జేబులోనే ఉంచుకోండి.

నేనుండేది మారతహళ్లి, ఊరు ధర్మవరం దగ్గర. అదే 44వ నంబరు హైవే. బండి 400 సీసీ లోపు టూరింగ్ రకం. ముందు కంపెనీ విండ్‌షీల్డ్ (స్క్రీన్ అనే అంటాం), తర్వాత దానికంటే పొడవైనది, ఆ తర్వాత దాని మీద క్లిప్పుతో బిగించే చిన్న రెక్క. మూడిటికీ డబ్బులు పోసి, బాగేపల్లి చేరేసరికి మెడ పట్టేసి, టీ కొట్టు దగ్గర తల అటూ ఇటూ తిప్పుకుంటూ నిలబడేవాణ్ని. మా మామయ్యది ఒకటే మాట: "70లో పోరా, ఏ గాలీ ఉండదు." ఆయన చెప్పింది తప్పేం కాదు. గాలి తోపు వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 60 నుంచి 80కి వెళ్తే వేగం మూడో వంతే పెరిగినా తోపు దాదాపు 78 శాతం పెరుగుతుంది. పైగా నాలుగు లైన్ల హైవే మీద మోటార్ సైకిల్‌కి 80యే పరిమితి అని 2018లో కేంద్రం నోటిఫై చేసింది కాబట్టి చట్టం కూడా ఆయన వైపే ఉంది. కానీ నాకు 80లోపే కొట్టేది. అదే అసలు తలనొప్పి.

నా కళ్లు తెరిపించింది మా వీధి చివర మెకానిక్. మదనపల్లె కుర్రాడు. రెక్క ఇంకొంచెం పైకి జరపమని వెళ్తే, "విండ్‌షీల్డ్ తీసేసి ఒక రౌండ్ పోయి రాపోన్నా" అన్నాడు. నాలుగు బోల్టులు విప్పి చేతిలో పెట్టాడు. విమానాశ్రయం రోడ్డెక్కి వెళ్లాను. ఛాతీ మీద గాలి బాగా తోసింది, అది నిజమే. కానీ తల మాత్రం కదల్లేదు! హెల్మెట్ చుట్టూ ఒకే తీరు హోరు, దడదడ లేదు.

అప్పుడు అర్థమైంది, తోసే గాలి వేరు, కొట్టే గాలి వేరు అని. కాలువలో రాయి వెనక నీళ్లు ఎలా సుడి తిరుగుతాయో, స్క్రీన్ పై అంచు దాటిన గాలి కూడా అలాగే సుళ్లు తిరుగుతుంది. స్క్రీన్ వెనక పీడనం తక్కువగా ఉంటుంది కాబట్టి పైనుంచీ పక్కల నుంచీ గాలి అక్కడికి దూరుతుంది. ఆ సుళ్లు మీ ఛాతీ దగ్గర తగిలితే పట్టించుకోరు. హెల్మెట్‌కి తగిలితే మాత్రం ఎవరో తల పట్టుకుని ఊపినట్టు ఉంటుంది. పొట్టి స్క్రీన్ ఉన్నప్పుడు భుజాల దగ్గర తగిలే సుళ్లను, పొడవైనది వేయించి నేనే సరిగ్గా తలకి తెచ్చుకున్నాను. మీరు చేసిందీ అదే అయ్యుంటుంది. అదే స్క్రీన్ వెనక నాకంటే మూడంగుళాలు పొట్టి అయిన మా తమ్ముడు కూర్చుంటే "బాగానే ఉంది కదన్నా" అన్నాడు. అందుకే అమ్మేవాళ్ల పొగడ్తలు నమ్మి కొనలేం. అవి వేరే ఎత్తు మనిషి చెప్పిన మాటలు.

తీసి చూడటం కుదరకపోతే ఇంకో పరీక్ష ఉంది. గాలి లేని ఉదయం, ఖాళీ రోడ్డు మీద 60-70లో ఫుట్‌రెస్టుల మీద కొద్దిగా లేవండి. దడదడ ఆగి హోరుగా మారితే సుళ్లు స్క్రీన్‌వే. తర్వాత కూర్చుని, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా మెల్లగా తల దించండి. కొంచెం దించగానే నిశ్శబ్దమైతే స్క్రీన్ మీకు ఆ కాస్త ఎత్తే తక్కువ. ఎంత లేచినా, ఎంత దించినా తేడా లేదంటే స్క్రీన్‌ని వదిలేసి హెల్మెట్‌ని అనుమానించండి.

నా బండికి చివరికి పనిచేసింది చిల్లర ఖర్చు. స్క్రీన్ కింది అంచుకీ హెడ్‌లైట్ ప్యానెల్‌కీ మధ్య సందు లేకుండా అతుక్కుని ఉండేది. బెంగళూరు జేసీ రోడ్డులో పొడవు బోల్టులు, స్పేసర్లు (సందు కోసం బోల్టుకి తొడిగే చిన్న గొట్టం ముక్కలు) కొని కింది అంచుని సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు ముందుకి జరిపాము. ఆ సందులోంచి కొంత గాలి స్క్రీన్ వెనక్కి పోతుంది, పీడనం తేడా తగ్గుతుంది, సుళ్లు మెత్తబడతాయి. రెక్క పీకేశాను. పొడవైన స్క్రీన్ అటక మీద పడేసి పాతదే పెట్టాను. గాలి పోలేదు, కొట్టుడు మాత్రం పోయింది. ఒక జాగ్రత్త: ఆ బోల్టులకి, వదులవకుండా పూసే థ్రెడ్‌లాకర్ జిగురు వాడకండి, స్క్రీన్ ప్లాస్టిక్ (పాలికార్బొనేట్) బీటలిస్తుంది. పెట్రోల్‌తో తుడవొద్దు కూడా. ఇక ఎప్పుడైనా పొడవైనదే కావాల్సి వస్తే, దాని పై అంచు మీ చూపు కంటే కిందే ఉండాలి. వానలో, రాత్రి ఎదుటి లైట్లలో స్క్రీన్ లోంచి రోడ్డు చూడటం నరకం.

హెల్మెట్ గురించి రెండు మాటలు. ముందు చూరులా పొడుచుకొచ్చే మట్టిరోడ్ల రకం హెల్మెట్ అయితే ఆ చూరు విప్పి చూడండి, హైవే మీద అది తెరచాపే. చెంపల దగ్గర ప్యాడ్లు గట్టిగా పట్టుకోవాలి. కొన్నప్పుడు బిగుతుగా ఉన్నా కొన్ని నెలలకే అణిగిపోయి వదులవుతాయి. మెడ దగ్గర సందుకి బఫ్ (మెడకి తొడుక్కునే గొట్టంలాంటి గుడ్డ) వేసుకుంటే కింది నుంచి వచ్చే గాలి, దాంతోపాటు శబ్దం తగ్గుతుంది. ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ కూడా వాడండి. 100 వేగంలో హెల్మెట్ లోపల గాలి మోత 95 డెసిబెల్స్ దాకా వెళ్తుంది, 94 డెసిబెల్స్ అంటేనే చెవులు తట్టుకునేది గంట. హారన్లు వినపడవేమో అని నేనూ భయపడ్డాను. గాలి మోత తగ్గడంతో ఇంకా స్పష్టంగా వినిపించాయి.

ఇవన్నీ చేశాక కూడా జూన్, జులైల్లో కొడుతుంది, దానికి బండిని తిట్టకండి. ఆషాఢం గాలులు మన అనంతపురం వైపు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు, రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆ నెలల్లో గాలి పడమటి నుంచి వస్తుంది, మనం ఉత్తరానికి వెళ్తాం, కాబట్టి పోయేటప్పుడు ఎడమ పక్క నుంచి కొడుతుంది. మనకి తెలియకుండానే బండిని ఎడమకి వాల్చి నడుపుతుంటాం. అలా ఉండగా ఒక లారీని కుడి పక్క నుంచి దాటితే, లారీ గాలిని ఆపేస్తుంది, వాల్చిన బండి లారీ వైపే లాగుతుంది. ముందుకి రాగానే గాలి మళ్లీ ఒక్కసారిగా కొట్టి డివైడర్ వైపు నెడుతుంది. పెనుకొండ దగ్గర ఒకసారి ఇలాగే నా గుండె జారిపోయింది. ఇప్పుడు లారీకి దూరంగా, మధ్యలో ఆగకుండా దాటేస్తాను. మోకాళ్లతో ట్యాంకుని నొక్కి పట్టి చేతులు వదులుగా ఉంచుతాను. హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నామో, భుజాలకి తగిలిన ప్రతి దెబ్బా ముందు చక్రానికి చేరుతుంది. జాకెట్ వదులుగా ఉన్నా ఇదే బాధ.

ముందు స్క్రీన్ లేకుండా దేవనహళ్లి దాకా వెళ్లి రండి. దడదడ పోయిందా, ఉందా అన్నదీ, మీ ఎత్తూ, సీటులో కూర్చుంటే స్క్రీన్ అంచు మీ గడ్డానికి ఎంత కింద ఉందన్నదీ ఇక్కడే రాయండి. స్పేసర్లు ఎంత పెట్టాలో అప్పుడు చూద్దాం.