బాబాయి జబ్బు అబ్బాయికి వస్తుందా?

ప్రశ్న: మా వారు మిర్చి రైతు. ధర లేదని పంటనంతా వరంగల్‌లో కోల్డ్ స్టోరేజీలో పెట్టి, వడ్డీకి డబ్బు తెచ్చి ఇల్లు నడుపుతున్నారు. మా మరిది చాలా ఏళ్లుగా బైపోలార్ వ్యాధికి (కొన్నాళ్లు అతి ఉత్సాహం, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు కమ్మే మానసిక జబ్బు) మందులు వాడుతున్నాడు. పంతొమ్మిదేళ్ల మా అబ్బాయికి బండి ఎక్కితే ఒళ్లు తెలియదు, ఈ మధ్య ఫోన్లో బెట్టింగ్ కూడా మొదలుపెట్టాడు. ‘అది ఆ ఇంటి రక్తం, వీడికీ బాబాయి జబ్బే వస్తుంది’ అంటున్నారు చుట్టాలు. నిజమేనా?
– ఒక తల్లి, నర్సంపేట

జవాబు: చుట్టాల మాటలో గోరంత నిజముంది. 2019లో ‘నేచర్ జెనెటిక్స్’ పత్రికలో వెలువడిన అధ్యయనం 10 లక్షల మందికి పైగా జన్యు సమాచారాన్ని పరిశీలించి, తెగింపు స్వభావంతో ముడిపడిన 99 స్థానాలను మన జన్యుపదార్థంలో గుర్తించింది. తెగింపును పెంచే జన్యుభేదాలలో కొన్ని వేగంగా బండి నడపడం, పొగ, మద్యం వంటి అలవాట్లతోనూ, నలుగురిలో కలిసిపోయే స్వభావంతోనూ, బైపోలార్, స్కిజోఫ్రేనియా (లేనివి వినిపించడం, భ్రమలు కలగడం వంటి లక్షణాలున్న మానసిక వ్యాధి) వంటి జబ్బులతోనూ సంబంధం కలిగి ఉన్నాయి. అయితే ఒక్కొక్క దాని ప్రభావం అత్యల్పం. అన్నింటినీ కలిపి లెక్కగట్టినా మనుషుల తెగింపులోని తేడాలలో 1.6 శాతానికి మించి వివరించలేకపోయారు. పైగా అందులో పాల్గొన్నవారు యూరోపియన్ సంతతివారు కాబట్టి, ఆ లెక్కను మన కుటుంబాలకు యథాతథంగా వర్తింపజేయకూడదు.

బైపోలార్ ఉన్నవారి సొంత పిల్లలకు, తోబుట్టువులకు ఆ జబ్బు వచ్చే అవకాశం నూటికి సుమారు 5 నుంచి 10; బాబాయి వరుసకు అది ఇంకా తక్కువ. మీవారి సంగతి వేరు. పంటంతా ఒకేసారి మార్కెట్టుకు వచ్చి ధర పడిపోయినప్పుడు సరుకు ఆపుకోవడం లెక్క తెలిసిన రైతు చేసే పనే; దానికి జన్యువులను వెతకనక్కరలేదు.

అబ్బాయి విషయంలో మాత్రం నిద్రను గమనించండి. రాత్రికి రెండు మూడు గంటలే పడుకొని అలసట లేకుండా తిరగడం, ఆగకుండా మాట్లాడడం, గొప్పలకు పోయి డబ్బు చల్లడం వరుసగా కొన్ని రోజులు కనిపిస్తే ఆలస్యం చేయకుండా మానసిక వైద్యునికి చూపించాలి. అవేవీ లేకపోయినా బెట్టింగ్‌ను తేలిగ్గా తీసుకోవద్దు. అది మానలేని అలవాటైతే దానికి విడిగా చికిత్స ఉంది. ముందుగా మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ ‘టెలీ మానస్’ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. వైద్యుని దగ్గరకు వెళ్లేటప్పుడు మీ మరిదికి జబ్బు ఏ వయసులో మొదలైందో, ఏ మందుకు నెమ్మదించిందో కాగితం మీద రాసి తీసుకెళ్లండి. ఏ జన్యు పరీక్ష కన్నా వైద్యునికి అదే ఎక్కువ పనికొస్తుంది.