కాస్మెటిక్స్‌కి కుసుమ నూనె టోకున ఎక్కడ కొనాలి? రెండు డ్రమ్ములు పాడయ్యాక నాకు తెలిసినవి

మీరు అడిగింది ఇదీ కదా: గుంటూరులో చిన్న యూనిట్, బాడీ లోషనూ మసాజ్ ఆయిలూ చేస్తారు, నెలకు 200 కిలోల కుసుమ నూనె కావాలి, ఒక్కొక్కరు ఒక్కో రేటు చెబుతున్నారు, ఎవరి దగ్గర కొనాలి అని. నాదీ అలాంటి యూనిట్టే, హైదరాబాద్ శివార్లలో. రేటు చూసి కొని ఒకసారి గట్టిగా దెబ్బతిన్నాను. అక్కణ్ణించే చెప్తాను.

ఐదేళ్ల కిందట ఒక వ్యాపారి మిగతావాళ్లకంటే మూడోవంతు తక్కువకి ఇస్తానన్నాడు. గానుగ నూనే, గ్యారంటీ అన్నాడు. రెండు డ్రమ్ములు దింపించుకున్నాం. రంగు బాగానే ఉంది, వాసన పెద్దగా లేదు. లోషన్ చేసి షాపులకు పంపాం. మూడు నెలలు తిరక్కుండానే ఫోన్లు మొదలయ్యాయి. పంపు నొక్కితే దిగట్లేదని ఒకరు, వాసన అదోలా ఉందని ఇంకొకరు. వెనక్కొచ్చిన సీసా తీసి చూస్తే పంపు మెడ చుట్టూ పచ్చటి జిగురు పొర కట్టి ఉంది, గోటితో గీకితే సాగుతోంది. వాసన సరిగ్గా కొత్తగా పెయింటేసిన తలుపుది. కుసుమ నూనెను పెయింట్ల తయారీలో వాడేది ఈ గుణం వల్లేనని తర్వాత తెలిసింది. గాలి తగిలితే అది మెల్లగా ఆరి పొర కడుతుంది.

ఆ నూనె చిన్న సీసాలో పోసుకుని సంక్రాంతికి మా మేనమామ వాళ్లింటికి పట్టుకెళ్లాను. వాళ్లది జహీరాబాద్ వైపు. నల్లరేగడి భూమి, శనగతో పాటు కుసుమ వేస్తారు. (అడవి పందులు రాకుండా వేరే పంట చుట్టూ నాలుగు సాళ్లు కుసుమ వేసుకునే వాళ్లూ ఉన్నారు. ఆ ముళ్లు అలాంటివి, కోతకు మనుషులు దొరకడమే కష్టం.) మామయ్య రెండు చుక్కలు అరచేతిలో రుద్ది వాసన చూసి, "ఇండ్ల కుసుమ ఎంతున్నదో ఏమో గానీ, పాతబడ్డది మాత్రం పక్కా బిడ్డా" అన్నాడు. ల్యాబ్‌కి పంపితే ఆయన అన్నదే తేలింది. పెరాక్సైడ్ విలువ (నూనె ఎంత పాతబడిందో చెప్పే అంకె) 18, లినోలిక్ ఆమ్లం (కుసుమ నూనెలో ఎక్కువగా ఉండే కొవ్వు ఆమ్లం) 58 శాతం.

కొనేటప్పుడు నేను ముందు చూసేది ఇప్పటికీ ఈ రెండు అంకెలే. మామూలు కుసుమ నూనెలో లినోలిక్ సుమారు 68 నుంచి 83 శాతం దాకా ఉంటుంది. పొద్దుతిరుగుడు నూనెలో 48 నుంచి 74. కంటికి రెండూ ఒకేలా కనబడతాయి కాబట్టి కలిపేవాళ్లు ముందు కలిపేది సన్‌ఫ్లవరే. కొద్దిగా కలిపితే పట్టుకోలేం, నిజమే. కానీ రిపోర్టులో 60 లోపు వస్తే కుసుమ అని నమ్మించడం కష్టం. పామోలినో పత్తిగింజల నూనో కలిస్తే పామిటిక్ ఆమ్లం అనే ఇంకో కొవ్వు ఆమ్లం 8 శాతం దాటిపోతుంది, అది ఇంకా సులువుగా దొరుకుతుంది. అందుకే 'ప్యూరిటీ 100 శాతం' అని రాసిన కాగితం కాదు, ఫ్యాటీ యాసిడ్ ప్రొఫైల్, అంటే ఏ కొవ్వు ఆమ్లం ఎంత శాతం ఉందో చూపే ల్యాబ్ రిపోర్ట్ అడగండి. ఇవ్వనంటే మాట అక్కడితో ఆపేయండి.

పెరాక్సైడ్ విలువ నూనె తాజాదనానికి కొలత. తినే నూనెల ప్రమాణాల్లో రిఫైన్డ్‌కి 10 వరకు, గానుగ నూనెకి 15 వరకు ఒప్పుకుంటారు. మనకది చాలదు. తినేవాళ్లు నెలలో అవగొట్టేస్తారు, మన లోషన్ రెండేళ్లు షెల్ఫ్ మీద ఉండాలి. నేను 5 దాటితే తీసుకోను. ల్యాబ్ రిపోర్ట్ వచ్చేలోపు ఇంకో పని చేస్తాను: శాంపిల్‌ని గాజు గిన్నెలో పోసి ఓవెన్‌లో 60 డిగ్రీల దగ్గర వారం ఉంచి రోజూ వాసన చూస్తాను. మూడో రోజుకే పెయింట్ వాసన కొడితే ఆ సరుకు వద్దు.

ఇక ఏ రకం కావాలో మీరు ముందే తేల్చుకోవాలి. కుసుమలో రెండు రకాలున్నాయి. పైన చెప్పింది లినోలిక్ ఎక్కువుండే మామూలు రకం. తేలిక, చర్మానికి పట్టేస్తుంది, జిడ్డు తెలియదు, కానీ తొందరగా పాడవుతుంది. రెండోది హై ఓలిక్. ఇందులో లినోలిక్ బదులు ఓలిక్ అనే కొవ్వు ఆమ్లం 70 శాతం పైనే ఉంటుంది, చాలా ఎక్కువ కాలం నిలుస్తుంది. రాజేంద్రనగర్‌లోని నూనెగింజల పరిశోధన సంస్థ ఐఎస్ఎఫ్-1 లాంటి హై ఓలిక్ రకాలు విడుదల చేసింది, కానీ రైతులు దాన్ని విడిగా పండించి విడిగా అమ్మడం నేను పెద్దగా చూడలేదు. కాబట్టి హై ఓలిక్ కావాలంటే కాస్మెటిక్ ముడిసరుకుల డీలర్ల దగ్గర రిఫైన్డ్ సరుకే దారి. మసాజ్ ఆయిల్‌లో కుసుమ శాతం ఎక్కువ కాబట్టి దానికి మీరు ఇదే వాడండి. లోషన్‌లో 3-5 శాతమే వేస్తే మామూలు రకం చాలు, విటమిన్-ఇ కలపడం మాత్రం మానొద్దు. నూనె అందిన రోజే కలపాలి, వాసన మొదలయ్యాక ఎంత పోసినా దండగ. ఎప్పుడైనా సబ్బు చేద్దామనుకుంటే మామూలు రకం 10 శాతం దాటించకండి, నారింజ మచ్చలు వస్తాయి.

రేటు దగ్గరికొద్దాం. 2026-27 మార్కెటింగ్ సీజన్‌కి కేంద్రం కుసుమలకు ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 6,540 రూపాయలు. మా మామయ్య పట్టించే మిల్లులో క్వింటాలు గింజకి 26-27 కిలోల నూనె దిగుతుంది. అంటే గింజ ఖర్చే కిలో నూనెకి 240 పైన. నూనె తీశాక మిగిలే చెక్క (పిండి) అమ్మితే వచ్చే డబ్బులు పట్టుడు కూలికీ రవాణాకీ పోతాయనుకోండి. మార్కెట్లో ఒక్కోసారి మద్దతు ధర కన్నా తక్కువకే గింజ పోతుంది, గానుగ బదులు సాల్వెంట్ (నూనెను కరిగించే రసాయనం)తో తీస్తే నూనె కాస్త ఎక్కువ దిగుతుంది, కాబట్టి లెక్క అటూ ఇటూ అవుతుంది. అయినా ఎవరైనా గానుగ నూనె 160కి ఇస్తానంటే ఆయన నష్టానికి అమ్మట్లేదు, మీరే ఆలోచించుకోండి. ఈ లెక్క నాకు ఐదేళ్ల కిందట వచ్చుంటే ఆ డ్రమ్ములు దింపించుకునేదాన్నే కాదు.

ఎక్కడ దొరుకుతుందంటే, గుంటూరు చుట్టుపక్కల వెతకడం దండగ. పంట ఉన్నది తాండూరు, జహీరాబాద్, అటుపైన బీదర్, కలబురగి, షోలాపూర్, లాతూర్ వైపు. అక్కడి మిల్లులకి ఫోన్ చేసేటప్పుడు పేరు జాగ్రత్త. కన్నడంలో కుసుబె, మరాఠీలో కర్డీ లేదా కరడై అనండి. హిందీలో 'కుసుమ్ తేల్' అని అడిగారో, ఛత్తీస్‌గఢ్, ఝార్ఖండ్ వైపు వ్యాపారులు అడవి చెట్టు గింజల నుంచి తీసే కుసుమ్ నూనె పంపే ప్రమాదం ఉంది. అది పూర్తిగా వేరే మొక్క. దాంట్లో సైనైడ్ విడుదల చేసే పదార్థాలు కూడా ఉంటాయి. ఆర్డర్ కాగితం మీద కార్థమస్ టింక్టోరియస్ అని శాస్త్రీయ నామం రాయించుకుంటే ఈ గొడవుండదు. కుసుమ నూనెనే 'కుంకుమపువ్వు నూనె' అని అమ్మేవాళ్లు ఇంకో రకం, వాళ్లకో దండం.

కిరాణా హోల్‌సేల్‌లో దొరికే 15 కిలోల వంటనూనె టిన్నులు తెచ్చి వాడదామనుకుంటున్నారేమో. లేబుల్ చదవండి. చాలావాటిలో టీబీహెచ్‌క్యూ (నూనె పాడవకుండా కలిపే రసాయనం) ఉంటుంది, కొన్నిట్లో నురగ రాకుండా సిలికోన్ ఉంటుంది, ప్లస్ ఎఫ్ గుర్తుంటే విటమిన్ ఎ, డి కలిపినట్టు. ఇవి ఉంటే వాడకూడదని కాదు, కానీ 'సిలికోన్ లేదు' అని సీసా మీద రాసుకుని లోపల ఉంచుకోవడం బాగోదు. అవేవీ కలపని సరుకు కావాలని ముందే రాతపూర్వకంగా అడగండి.

నేను ఇప్పుడు చేసేది ఇది. మార్చిలో కొత్త పంట రాగానే మామయ్య ద్వారా గింజ కొని అక్కడే గోనె సంచుల్లో ఉంచుతాను. గింజ పొట్టులో ఉన్నంతకాలం నూనె బాగుంటుంది, డ్రమ్ములోకి వచ్చాకే దానికి టెన్షన్. రెండు నెలలకోసారి కావలసినంత పట్టిస్తాను. మీకు గింజ దాచే వీల్లేకపోతే కనీసం 190 కిలోల డ్రమ్ము బదులు 30-35 కిలోల క్యాన్లలో అడగండి. కిలోకి రెండు మూడు రూపాయలు ఎక్కువ పడొచ్చు. పడనివ్వండి. సగం వాడేసిన డ్రమ్ములో ఆ ఖాళీ అంతా గాలే కదా. క్యాన్లు నీడలో, గది చల్లగా ఉండాలి. మీ గుంటూరు ఎండలకి రేకుల షెడ్డులో ఏప్రిల్ నెల చాలు నూనె పోవడానికి. నూనె తుడిచిన గుడ్డల్ని కుప్పగా పడెయ్యకండి, ఇలా ఆరే నూనెల గుడ్డలు వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. మా దగ్గర నీళ్ల బకెట్లో వేస్తారు.

మొదటి లోడు వచ్చినప్పుడు డ్రైవర్ ఎదురుగానే రెండు సీసాలు నింపి, సీలు వేసి, బ్యాచ్ నంబరు రాసి సంతకం పెట్టించుకోండి. ఒకటి ల్యాబ్‌కి, ఒకటి మీ బీరువాలో. నేను ఆనాడు ఒక్క సీసా కూడా దాచలేదు. "మా దగ్గర్నుంచి వెళ్లినప్పుడు బాగానే ఉంది మేడమ్" అన్నాడాయన. చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు.