బీటెక్ వద్దు, బండల పనే చేస్తానంటున్న కొడుకు: కావలి తల్లికి జవాబు

కావలి దగ్గర పల్లె నుంచి ఒక తల్లి రాశారు. వాళ్ల అబ్బాయికి 19 ఏళ్లు, ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు. ఏడాదిన్నరగా ఒంగోలులో మేనమామ దగ్గర ఉంటూ ఇళ్ల ముందు బండలు పరవడం, పెరట్లో అరుగులు కట్టడం, తోటల్లో నడకదారులు వేయడం, మొక్కలు పెట్టడం చేస్తున్నాడు. ఇప్పుడు బీటెక్ వద్దు, ఇదే చేస్తానంటున్నాడు. "మా ఆయన వాడితో మాట్లాడటం మానేశారు. మొన్న పెళ్లిలో మా ఆడబిడ్డ, పిల్లాడు ఏం చేస్తున్నాడు వదినా అని అడిగితే నాకు నోరు రాలేదు. ఇందులో బతుకుందా? ఎవరైనా గౌరవిస్తారా?" అని అడిగారు.

అమ్మా, ముందు మీ రెండో ప్రశ్న తీసుకుంటాను. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, అందులో డబ్బు మాట ఒక్కసారే వచ్చింది, మిగతాదంతా నలుగురిలో ఏం చెప్పుకోవాలన్న బాధే.

నా అనుభవం ఒకటి చెప్తాను. నెల్లూరులో మా ఇంటి వెనక కొన్నేళ్ల కిందట బండలు వేయించాను. వేసినాయన మూడు రోజుల్లో ముగించాడు, చూడ్డానికి అద్దంలా ఉంది, నేను మురిసిపోయి అడిగినంతా ఇచ్చాను. నవంబరులో వాయుగుండం పట్టి రెండు రోజులు వాన ఆగకపోయేసరికి పెరట్లో నీళ్లన్నీ వంటింటి గడప దాటి లోపలికొచ్చాయి. చూస్తే వాటం, అంటే నీళ్లు జారే వాలు, ఇంటివైపుకే ఉంది. తర్వాత ఒక పెద్ద మేస్త్రీ వచ్చి బండలన్నీ లేపించి, అడుగున గ్రావెల్ పోయించి, తడిపి దిమ్మిస కొట్టించి, దారం కట్టి, పది అడుగులకు అంగుళంన్నర చొప్పున బయటికి వాటం ఇచ్చి, మళ్లీ అవే బండలు పరిచాడు. అప్పట్నుంచి చుక్క నీరు నిలవలేదు. ఆయన పేరు నేను అడగలేదు, ఫోన్ నంబరు తీసుకోలేదు. తెలిసినవాళ్లు ముగ్గురు "ఎవరు చేశారండీ" అని అడిగితే చెప్పలేకపోయాను. మూడు పనులు ఆయనకు దక్కకుండా పోయాయి, అందులో నా తప్పు ఎంతో ఉంది.

మీ అబ్బాయి ఎంచుకున్న పనిలో కష్టం అక్కడే ఉంది. విద్య ఉంది, గిరాకీ ఉంది, పేరు మాత్రం పనితో పాటు నడవదు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ అంటే విదేశాల్లో కూడా తెలుసు. ఆ రాయిని వాటం చూసి పరిచిన మనిషి పేరు పక్క వీధిలో కూడా తెలియదు. అదే ఉదయగిరి చెక్క గరిటెలు చూడండి, మీ జిల్లావే కదా, వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చాక ఇది ఉదయగిరివాళ్ల పనితనం అని కాగితం మీదికెక్కింది. బండల పనికి అలాంటిది లేదు కాబట్టి మీ అబ్బాయి తన గుర్తింపు తానే కట్టుకోవాలి. అది సాధ్యమేనని నా గట్టి నమ్మకం.

ఇది "మట్టి పని" అని మీవారు అనుకుంటున్నట్టున్నారు. ఆయనకు ఈ సంగతులు చదివి వినిపించండి. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుని నెర్రెలిస్తుంది. దాని మీద నేరుగా బండ వేస్తే ఏడాదిలో ఒక మూల లేస్తుంది, ఇంకో మూల కుంగుతుంది. ఎంత లోతు తవ్వి ఆ మట్టి తీసేయాలి, గ్రావెల్ ఎన్ని పొరలుగా వేసి ఒక్కో పొర ఎంత కొట్టాలి అన్నది నేల చూసి చెప్పగలగాలి. మీ కావలి వైపు సముద్రం దగ్గరి ఇసుక నేలైతే లెక్క వేరు, అక్కడ ఉప్పు గాలికి తట్టుకునే మొక్క కూడా వేరు. కనిగిరి వైపు నీళ్లకే కరువు, అక్కడ లాన్ వేయమని అడిగినవాళ్లకి వద్దండీ అని చెప్పే ధైర్యం కావాలి. పాలిష్ గ్రానైట్ ఆరుబయట వేస్తే మే నెలలో కాలు కాలుతుంది, వానలో జారుతుంది, అందుకే బయటికి మంటతో గరుకు చేసిన రాయి వాడతారు. పేవర్ బ్లాకుల్లో, అంటే నేల మీద పరిచే సిమెంటు దిమ్మెల్లో కూడా, మనుషులు నడిచే చోటికి సాధారణంగా 60 మిల్లీమీటర్లవి సరిపోతాయి, బరువు బళ్లు తిరిగే చోటికి కనీసం 80వైనా కావాలి. అంచుకు గట్టి కట్టు లేకపోతే ఎంత మంచి బ్లాకైనా పక్కకి జరుగుతుంది. ఇదంతా సివిల్ ఇంజనీరింగ్ కాకపోతే మరేంటమ్మా?

ఇదే పనికి వేరే దేశాల్లో ఎలాంటి స్థానం ఉందో కూడా తెలియాలి. మనం అరుగు, పెరడు అంటాం, వాళ్లు పేషియో అంటారు. ఇంగ్లండులో తోట పనుల కంపెనీల సంఘం 1972 నుంచి ఉంది, మంచి పనికి అది అవార్డులు ఇస్తుంది. అమెరికాలో పేవర్లు పరిచేవాళ్లకు క్లాసు చెప్పి, పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే సంఘం ఉంది. వరల్డ్ స్కిల్స్ అనే అంతర్జాతీయ వృత్తి నైపుణ్య పోటీల్లో ల్యాండ్‌స్కేప్ గార్డెనింగ్ ఒక విభాగం, ఇద్దరు జంటగా నాలుగు రోజుల్లో చిన్న తోట కట్టి చూపించాలి. మన దేశం నుంచి ఇండియా స్కిల్స్ పోటీల ద్వారా ఎంపిక చేస్తారు. వరల్డ్ స్కిల్స్‌లో చాలా విభాగాలకు 22 ఏళ్ల వయసు పరిమితి ఉంది కాబట్టి ఈ రెండేళ్లలోనే ప్రకటన కోసం చూడమనండి, ఆ సంవత్సరం ఈ విభాగం ఉందో లేదో కూడా అందులోనే తెలుస్తుంది.

ఇక చేయాల్సినవి. మొట్టమొదట ప్రతి పనికీ ఫోటోలు తీసి దాచమనండి, పూర్తయ్యాక తీసే అందమైన ఫోటో ఒక్కటీ చాలదు. తవ్విన గుంట, గ్రావెల్ పొర, దారం, రసమట్టం పెట్టి మట్టం చూసిన బండ, ఇవన్నీ కావాలి, ఎందుకంటే బండ కప్పేశాక లోపల ఏం చేశాడో ఇంటివాళ్లకి కనిపించదు, చౌకగా చేసినవాడికీ మీవాడికీ తేడా ఆ పొరల్లోనే ఉంది. ఒక వానాకాలం గడిచాక మళ్లీ వెళ్లి అదే చోట ఇంకో ఫోటో తీయాలి. నేనైతే ఈ రెండో ఫోటో చూసే పని ఇస్తాను. పని ఒప్పుకునేటప్పుడు నోటిమాట వద్దు, ఎంత లోతు, ఏ రాయి, వాటం ఎటు, ఎన్ని రోజులు అని ఒక పేజీలో రాసి, కింద తన పేరు, నంబరు పెట్టి ఇవ్వాలి. మేనమామతో మాట్లాడి ఆ కాగితం మీద ఇద్దరి పేర్లూ ఉండేలా చూడండి.

మేనమామ అన్నాను కాబట్టి ఇంకో మాట కూడా చెప్పాలి, కోపం తెచ్చుకోకండి. మనవాడే కదా, తిండి పెడుతున్నాం కదా అని కూలి ఇవ్వకుండా ఉంచితే అది నేర్పడం కాదు. ఏడాదిన్నర అయింది, రోజు కూలి లెక్క కట్టి బ్యాంకు ఖాతాలో వేయమని మీరే అడగండి.

కాగితాల విషయానికొస్తే, భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో నమోదు చేయించండి. 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, గడిచిన ఏడాదిలో 90 రోజులు పని చేసుంటే చాలు. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి, అందులో రాజమేస్త్రీ, శిల్పి రెండూ ఉన్నాయి. గుర్తింపు కార్డు, శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000, ఆ తర్వాత 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల దాకా అప్పు ఇస్తారు. ఒక కుటుంబంలో ఒకరికే ఇది, పైగా సొంతంగా పని చేసుకునేవాళ్లకే, కాబట్టి మీవాడు సొంతంగా మొదలుపెట్టేదాకా ముందు మేనమామ చేసుకుంటే సరి. చేతిపని ముందే వచ్చినవాళ్లకి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి కూడా ఉంది, దగ్గర్లోని స్కిల్ సెంటర్‌లో ఆర్పీఎల్ అని అడగండి.

చదువు పూర్తిగా వదలనివ్వకండి. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్, అంటే కట్టడాల ప్లాన్లు గీయడం నేర్పే కోర్సు, రెండేళ్లు, అది నేర్చుకుంటే గీసి చూపించగలుగుతాడు, గీసి చూపించగలిగేవాడితో ఇంటివాళ్లు బేరమాడే తీరే మారిపోతుంది. మనసుంటే ఎంపీసీతో బీఆర్క్, అంటే ఆర్కిటెక్చర్ డిగ్రీ, ఐదేళ్లు, ఆ తర్వాత ల్యాండ్‌స్కేప్‌లో మాస్టర్స్ కూడా చేయొచ్చు. ఇప్పుడే తేల్చమని మాత్రం ఒత్తిడి పెట్టకండి. ఒక్కటి కనుక్కోండి: లెక్కలంటే భయపడి బీటెక్ వద్దంటున్నాడా, పని ఇష్టపడి వద్దంటున్నాడా? పక్కన కూర్చుని ఒక పెరటికి ఎన్ని చదరపు అడుగుల రాయి, ఎంత గ్రావెల్ కావాలో లెక్క కట్టమనండి. కళ్లు మెరుస్తూ చేస్తే మీకు టెన్షన్ అక్కర్లేదు. తప్పించుకుంటే మాత్రం, ఈ పనిలో కూడా లెక్కలే ఉన్నాయని చెప్పండి.

రాయి కోసేటప్పుడు లేచే ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, అది నయం కాదు. నీళ్లు పోస్తూనే కోయాలి, ముఖానికి మంచి మాస్కు ఉండాలి, తువ్వాలు కట్టుకుంటే చాలదు. ఈ ఒక్క విషయంలో మీరు తల్లిగా ఎంత గట్టిగా అరిచినా నేను మీవైపే.

మీవారిని నవంబరులో, పెద్ద వాన వెలిసిన మర్నాడు, మీవాడు కట్టిన ఏదో ఒక పెరటికి తీసుకెళ్లండి. ఆయన్ని ఏమీ అడగొద్దు. నీళ్లు ఎటు పోయాయో వాడినే చూపించమనండి. వచ్చే ఏడాది ఆ ఫోటోలు పట్టుకుని నాకు మళ్లీ రాయండి, డ్రాఫ్ట్స్‌మనా, బీఆర్కా అన్నది అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం.