మహేంద్రగిరి ఎక్కబోతున్న మేనల్లుడికి

చిన్నా,

డిసెంబర్లో నువ్వూ మీ హైస్కూలు స్నేహితుడూ కలిసి మా ఒడిశాలో ఉన్న మహేంద్రగిరి కొండ ఎక్కుతారట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మంచి పని. భువనేశ్వర్‌లో అతనూ విశాఖలో నువ్వూ కూర్చుని ఏళ్ల తరబడి వాట్సాప్‌లో గుడ్ మార్నింగులు పంపుకోవడం కంటే ఇది చాలా నయం. అయితే ఇద్దరికీ యాభై దాటాయి, కొండ మాత్రం అప్పటిలాగే 1501 మీటర్లు, అందుకని నాలుగు ముక్కలు రాస్తున్నా. ఓపిగ్గా చదువు, తర్వాత నీ ఇష్టం.

ముందు మీ ఇద్దరి సంగతి చెప్తా, బూట్లూ నీళ్లూ తర్వాత. ముక్కూమొహం తెలియనివాడితో కొండెక్కేటప్పుడు మనిషి జాగ్రత్తగానే ఉంటాడు, ఆయాసం వస్తే మొహమాటం లేకుండా "కాస్త ఆగండి సార్" అంటాడు. చిన్ననాటి స్నేహితుడి ముందు ఆ మాట రాదు. వాడు మనల్ని పద్నాలుగేళ్లప్పుడు చూశాడు, గోడలు దూకుతుంటే చూశాడు, ఇప్పుడు వాడి ముందు "నావల్ల కావట్లేదురా" అనాలంటే ప్రాణం ఒప్పుకోదు. వాడికీ అంతే. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఆగకుండా, లోపల గుండెలు దడదడలాడుతుంటే పైకి నవ్వుకుంటూ పోతారు. పాత స్నేహితులు కొండ మీద ఇబ్బంది పడేది ఎక్కువగా ఇందుకే.

దీనికి నేను చూసుకునే కొలత ఒకటుంది, కబుర్లు. ఎక్కుతూ పూర్తి వాక్యాలు మాట్లాడగలుగుతున్నారంటే వేగం సరిపోయింది. రెండు మాటలకోసారి ఊపిరి తీసుకోవాల్సి వస్తే ఎక్కువైంది, తగ్గించండి. ఈ మాట డాక్టర్లూ చెప్తారు. మీకెలాగూ మాట్లాడుకోవాల్సినవి బోలెడున్నాయి కాబట్టి తేడా వెంటనే తెలిసిపోతుంది. వాగుడుకాయ ఉన్నట్టుండి "ఊఁ", "ఆఁ" అంటున్నాడంటే వింటున్నాడని మురిసిపోకు, వాడికి ఊపిరి చాలట్లేదు. ఇంకో గుర్తు చూడు. లేసు ఊడకపోయినా వంగి లేసు కట్టుకోవడం మొదలెడతాడు, లేదా లోయలో ఏమీ కనబడకపోయినా "ఆగు, ఒక ఫొటో తీస్తా" అంటాడు. అప్పుడు "ఏంట్రా అయిపోయావా" అని మాత్రం అనకు. "నాకు పిక్కలు లాగుతున్నాయి, పది నిమిషాలు కూర్చుందాం" అని నెపం నీ మీద వేసుకుని నువ్వే ముందు కూర్చో. వాడు అయిష్టంగా మొహం పెట్టి మరీ కూర్చుంటాడు, చూడు. ముందు నడిచేది కూడా వాడే అవ్వాలి. నువ్వు ముందుంటే వాడు నీ వెనక పరిగెడతాడు.

అలాగే ఒంట్లో సంగతులు కొండ కింద నిలబడి అడిగేవి కావు. ఈ వారమే ఫోన్ చెయ్యి. సూటిగా అడిగితే "నాకేంరా, గుండ్రాయిలా ఉన్నా" అంటాడు. కాబట్టి ముందు నీ బీపీ మాత్ర పేరు నువ్వు చెప్పు, ఉదయం వేస్తావో రాత్రి వేస్తావో చెప్పు, అప్పుడు వాడిదీ బయటికొస్తుంది. షుగర్ ఉందా, ఇన్సులిన్ తీసుకుంటాడా, స్టెంటు ఏమైనా వేయించుకున్నాడా, ఇవి తెలియాలి. షుగర్ మాత్రలు వేసుకుని గంటల తరబడి ఎక్కితే షుగర్ పడిపోవచ్చు. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, కారణం లేకుండా చిరాకు పడతాడు. జేబులో బెల్లం ముక్కో గ్లూకోజ్ పొడో ఉంటే చాలు, కానీ అది జేబులోనే ఉండాలి, బ్యాగ్ అడుగున కాదు. కొన్ని బీపీ మాత్రలు ఒంట్లో నీరు లాగేస్తాయి, ఆ రోజు ఎలా వాడాలో మీ డాక్టర్ని అడిగి రండి. ఛాతీ బరువుగా ఉండి అది దవడకో ఎడమ చేతికో పాకుతుంటే గ్యాస్ అని సోడా తాగించి నడిపించొద్దు, అక్కడే కూర్చోబెట్టి కిందికి మనిషిని పంపి 108కి ఫోన్ చేయించు. కొండ మీద సిగ్నల్‌ని నమ్మడానికి లేదు.

ఇక దారి. మందస వైపు నుంచి అడవిలో కాలిబాట ఉంది, శివరాత్రికి శ్రీకాకుళం జనం చాలామంది అటే ఎక్కుతారు. మా పర్లాకిమిడి వైపు నుంచి అయితే ఘాట్ రోడ్డు మీద జీపులో చాలా పైదాకా పోవచ్చు, మిగతాది నడక. మీవాడు "కింద నుంచే ఎక్కాలి, లేకపోతే మజా ఏముంది" అంటాడని నాకు తెలుసు. నా మాటైతే జీపే. కూర్చుని మాట్లాడుకోవడానికి ఒంట్లో ఓపిక మిగలాలి కదా. మరీ పట్టుబడితే ఎక్కేటప్పుడు నడవండి, దిగేటప్పుడు జీపు పెట్టుకోండి. ఎక్కడం ఊపిరికి పరీక్ష అయితే దిగడం మోకాళ్లకి పరీక్ష, అడుగు వేసిన ప్రతిసారీ తొడ కండరం ఒంటి బరువుని ఆపుతూ దిగాలి, ఆ నొప్పులు మర్నాడు మంచం దిగేటప్పుడు తెలుస్తాయి. చిన్న అడుగులు వెయ్యండి, మోకాలు కొంచెం వంచి ఉంచండి, నిటారు చోట అడ్డంగా అటూ ఇటూ దిగండి, చెరో వెదురు కర్ర పట్టుకోండి. సంతలో దొరికే మామూలు కర్ర చాలు. కొత్త బూట్లు కొనుక్కుని సరాసరి కొండ మీదికి రావద్దు. కాలిగోళ్లు కత్తిరించుకోండి, లేకపోతే దిగేటప్పుడు బొటనవేలు బూటు ముందుకి గుద్దుకుని గోరు నల్లబడుతుంది.

కొండ కింది గూడెంలో ఒక సవర గిరిజన కుర్రాణ్ణి తోడు తీసుకోండి, డబ్బులు ముందే మాట్లాడుకుని బేరం ఆడకుండా ఇచ్చేయండి. ఒడియాలో పలకరిస్తే సరిపోతుంది. గిడుగు రామమూర్తి గారు ఈ పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్తూ సవర భాష నేర్చుకుని నిఘంటువు దాకా రాశారు, మనం కనీసం దణ్ణం పెట్టి మంచీచెడూ అడగాలి. తోడు ఎందుకంటావా, ఎలుగుబంట్ల కోసం. ఉద్దానం జీడితోటల్లో అవి మనుషుల మీద పడ్డ వార్తలు నువ్వూ చదివే ఉంటావు. తెల్లవారుజామునా పొద్దుగూకాకా అడవిదారిలో నడవొద్దు, మిగతా వేళల్లో తుప్పలు దట్టంగా ఉన్నచోట గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్లండి. మనిషి అలికిడి వింటే చాలావరకు అదే తప్పుకుంటుంది, ఎదురుపడితేనే మీద పడుతుంది. ఇక్కడా మళ్లీ కబుర్లే పనికొచ్చాయి చూశావా.

ఒక టైము పెట్టుకోండి, ముందు రాత్రే. మధ్యాహ్నం ఒంటిగంటకి ఎక్కడున్నా సరే వెనక్కి తిరగాలి, శిఖరం కూతవేటు దూరంలో ఉన్నా సరే. డిసెంబర్లో అయిదుంపావుకల్లా పొద్దు వాలిపోతుంది, అడవిలో ఇంకా ముందే చీకటి. కొండ మీద నిర్ణయం తీసుకోబోతే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ "నువ్వెలా అంటే అలా" అంటారు. ఇంటి దగ్గరే అనుకుంటే ఆ గొడవ ఉండదు.

పైన చలి. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది, దానికి తోడు గాలి, మంచు. చెమటతో తడిసిన చొక్కా మీద ఆ గాలి తగిలితే వణుకు పుడుతుంది, కాబట్టి పొడి చొక్కా ఒకటి, స్వెట్టర్ ఒకటి బ్యాగులో పెట్టుకోండి. నీళ్లు మనిషికి మూడు లీటర్లు, గెడ్డ (వాగు) నీళ్లు చూడ్డానికి తేటగా ఉన్నా మరగబెట్టకుండా తాగొద్దు. తిండికి పులిహోర, అరటిపళ్లు. పూరీ కూరా కట్టుకుని ఎక్కేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది.

పైన భీముడి గుడి చిన్నదే, కానీ పేర్చిన ఆ రాళ్ల సైజు చూస్తే ఇవెలా ఎత్తార్రా అనిపిస్తుంది. కుంతి గుడి దగ్గర గోకర్ణేశ్వరుడు, ముఖలింగం రాజధానిగా ఏలిన తూర్పు గాంగ రాజుల కులదైవం, వాళ్ల రాగిరేకు శాసనాల్లో ఆయన పేరు కనిపిస్తుంది. 11వ శతాబ్దంలో రాజేంద్ర చోళుడు ఇంత దూరం వచ్చి గెలిచినట్టు శాసనం ఒకటి ఉంది, దాని దగ్గర పులీ రెండు చేపలూ చెక్కి ఉంటాయి, కుర్రాణ్ణి అడిగి చూడండి. శివరాత్రికే వద్దామని మీవాడంటే వద్దని చెప్పు. ఆ జనంలో పక్కవాడి మాట వినబడదు.

ఇంకొకటి, ఇది విశాఖ వెళ్లాక మర్చిపోయే సంగతి. మా గజపతి జిల్లా అడవుల్లో మలేరియా ఉంది, అందులోనూ మెదడుకెక్కే రకం. నిండు చేతుల చొక్కా వేసుకోండి, దోమల మందు రాసుకోండి. వెళ్లొచ్చిన నెలలోపు జ్వరమొస్తే డోలో వేసుకుని కూర్చోకుండా అదే రోజు రక్తపరీక్ష చేయించుకోవాలి, "మహేంద్రగిరి అడవికి వెళ్లొచ్చాను" అని డాక్టర్‌కి నోరు తెరిచి చెప్పాలి. గడ్డిలో వెల్లకిలా పడుకుంటే స్క్రబ్ టైఫస్ పురుగు కుట్టొచ్చు, చంకల్లో, నడుం దగ్గర సిగరెట్‌తో కాల్చినట్టు నల్ల పెచ్చు కనబడితే అదీ చూపించండి. మందులున్న జబ్బులే, ఆలస్యం చేస్తేనే ప్రమాదం. కాబట్టి కూర్చోవడానికి ఒక దుప్పటి పట్టుకెళ్లండి. నీకు జ్వరం రాకపోయినా రెండు వారాలకోసారి వాడికి ఫోన్ చేసి అడుగు, వాడంతట వాడు చెప్పడు.

ముందు రాత్రికే ఇద్దరూ మా ఇంటికి వచ్చేయండి. మీ అత్త పొద్దున్నే చోడి (రాగి) అంబలి కాస్తానంటోంది, అది తాగి బయల్దేరితే మధ్యాహ్నం దాకా ఆకలి ఉండదు. తెలిసిన జీపు ఉంది, అయిదున్నరకి రమ్మని నేనే చెప్తాను. తేదీ ఖాయం చేసుకుని ఒక మెసేజ్ పెట్టు, ఆదివారం తప్ప ఏ రోజైనా పర్వాలేదు, ఆదివారం జీపు డ్రైవర్ చర్చికి వెళ్తాడు.

మీ మావయ్య
పర్లాకిమిడి