మెల్‌బోర్న్ లాక్‌డౌన్‌లో ఒక్కరే ఉండటం: నేను ఎలా నెట్టుకొచ్చానంటే

కరోనా రోజుల్లో విదేశంలో ఒంటరిగా ఉన్నవాళ్ళు ఎలా తట్టుకున్నారు, ఇంటికి వచ్చేయాలని అనిపించలేదా అని అడిగారు. 2020లో నేను మెల్‌బోర్న్‌లో, బ్రన్స్‌విక్‌లోని ఒక స్టూడియో ఫ్లాట్‌లో ఉన్నాను. తాత్కాలిక వర్క్ వీసా. దగ్గర్లో చుట్టాలెవరూ లేరు. రెండో ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను.

అనిపించింది, చాలాసార్లు. కానీ ఆ ఏడాది మార్చి 20 రాత్రి నుంచి ఆస్ట్రేలియా తన పౌరులు, శాశ్వత నివాసులు, వాళ్ళ దగ్గరి కుటుంబాలు తప్ప ఇంకెవరూ రాకుండా తలుపులు మూసింది. మే నుంచి విదేశాల్లో చిక్కుకున్నవాళ్ళ కోసం మన ప్రభుత్వం వందే భారత్ విమానాలు నడిపింది కాబట్టి వెళ్ళడానికి దారి దొరికేది. తిరిగి రావడానికే లేదు. నాకు తెలిసిన స్టూడెంట్లు కొందరు వెళ్ళిపోయారు. ఇక్కడ ఉదయం 9 గంటల క్లాసు కోసం అక్కడ తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి కూర్చునేవారు. వీసా మీద ఉన్నవాళ్ళకు మళ్ళీ సరిహద్దు తెరిచింది 2021 డిసెంబర్ 15న. వెళ్ళిపోయినవాళ్ళు చేసింది తప్పని నేను అనను, అమ్మానాన్నల దగ్గర ఉన్నారు కదా. నేను ఉండిపోదామనుకున్నాను. అలా తేల్చుకున్నాక రోజూ పొద్దున్నే మనసులో నడిచే ఆ పంచాయితీ ఆగింది, దానివల్లే సగం అలసట తగ్గింది.

మార్చిలో వచ్చిన మొదటి లాక్‌డౌన్ ఎలాగో గడిచిపోయింది. కొత్త, భయం, అందరూ ఒకరికొకరు ఫోన్లు చేసుకునే ఉత్సాహం. అసలు కష్టం ఆగస్టు 2న మొదలైన స్టేజ్ 4లో, అంటే అన్నిటికంటే కఠినమైన ఆంక్షల దశలో. రాత్రి 8 నుంచి ఉదయం 5 వరకు కర్ఫ్యూ. ఇంటి నుంచి 5 కిలోమీటర్లు దాటకూడదు. సరుకులకు ఇంటికొకరు, రోజుకొకసారి. వ్యాయామానికి రోజుకు ఒక గంట. మాస్క్ లేకపోతే 200 డాలర్ల జరిమానా, కర్ఫ్యూ దాటితే 1,652. అన్నిటికంటే మాలాంటి వాళ్ళను కొట్టింది ఇంకో రూల్: ఎవరూ ఎవరింటికీ వెళ్ళకూడదు. పార్ట్‌నర్ ఉన్నవాళ్ళకు మాత్రం మినహాయింపు. పెళ్ళీ ప్రేమా లేనివాళ్ళకు మనిషి మొహంతో పనిలేదని ప్రభుత్వం తేల్చేసిందని జోకులేసుకునేవాళ్ళం. జోకులే, కానీ ఉక్రోషం కూడా ఉండేది. పైగా మన తెలుగువాళ్ళలో నాకు తెలిసినవాళ్ళంతా ఊరికి పడమటి శివార్లలోని టార్నీట్, పాయింట్ కుక్ వైపు. నా 5 కిలోమీటర్ల గీత వాళ్ళున్న చోటికి సగం దూరం కూడా పోదు.

అందరూ ఇచ్చే సలహా ఇంటికి ఫోన్ చెయ్యమని. చేశాను. కానీ కర్ఫ్యూ మొదలై ఫ్లాట్ మరీ ఇరుకుగా అనిపించే రాత్రి 8కి గుంటూరులో మధ్యాహ్నం మూడున్నర, నాన్న కునుకు తీసే వేళ. అదొక్కటే కాదు. అప్పుడు ఆంధ్రలో రోజుకు పది వేల కేసులు వస్తున్నాయి. నేను బాగున్నానని నేను, వాళ్ళు బాగున్నారని వాళ్ళు, ఇద్దరం ఒకరికొకరం నటించేవాళ్ళం. వీడియోలో నవ్వి ఫోన్ పెట్టేశాక ఫ్లాట్ ముందుకంటే ఖాళీగా ఉండేది. అందుకని ఇంటి ఫోన్లను ఒంటరితనానికి మందుగా లెక్కపెట్టుకోవద్దంటాను. అవి వేరే అవసరం.

నన్ను నిజంగా నిలబెట్టింది మొహమాటం పక్కనపెట్టి దగ్గర్లో ఉన్న మనుషులను సూటిగా సాయం అడగడం. చెప్పినంత తేలిక కాదు. మనం ఎదుటివాళ్ళకు ఎంతైనా చేస్తాం, అడగాల్సి వస్తే మాత్రం నోరు పెగలదు.

మొదట అడిగింది కింది ఫ్లాట్ ఆవిడను. అప్పటిదాకా మెట్ల మీద ఎదురైతే హలో అనుకోవడమే మా పరిచయం. నాకు రాత్రుళ్ళు పట్టుకున్న భయం జ్వరం గురించి కాదు, జ్వరమొచ్చి పడిపోతే ఎన్ని రోజులకు ఎవరికి తెలుస్తుందన్నదాని గురించి. ఆవిడకు నా స్పేర్ కీ ఇచ్చి, "పొద్దున 10 లోపు నా నుంచి మెసేజ్ రాకపోతే తలుపు కొట్టండి" అన్నాను. ఆవిడా ఒక్కతే ఉంటుంది. లోపలికెళ్ళి తన తాళం తెచ్చి నా చేతిలో పెట్టింది. తర్వాత నాకు గొంతునొప్పి వచ్చి, టెస్ట్ చేయించుకుని ఫలితం వచ్చేదాకా బయటికి పోకూడని సమయంలో పాలూ బ్రెడ్డూ గుమ్మం ముందు పెట్టి వెళ్ళింది. నెగెటివే వచ్చింది.

తర్వాత నడక. వ్యాయామానికి ఇద్దరు కలిసి వెళ్ళొచ్చని రూల్స్‌లోనే ఉంది. ఒక్కరే ఉండేవాళ్ళలో చాలామంది దాన్ని వాడుకోలేదు. మా పక్క పేట కోబర్గ్‌లో మా ఆఫీస్ మాజీ కొలీగ్ ఒకరు ఒంటరిగా ఉండేవారు, తమిళవాళ్ళు. ఇద్దరి 5 కిలోమీటర్లూ కలిసే చోటు మెర్రి క్రీక్ అనే వాగు గట్టు. అక్కడ అది చలికాలం, పని అయ్యాక వెళ్దామంటే అయిదున్నరకే చీకటి, కాబట్టి ఆఫీస్ కాల్స్ మొదలవకముందే వెళ్ళేవాళ్ళం. వర్షం పడుతున్నా సరే. సెప్టెంబర్ వచ్చేసరికి మ్యాగ్‌పై పిట్టలు గూళ్ళు కట్టుకుని, పోయేవాళ్ళ నెత్తి మీదికి దూకడం మొదలుపెట్టాయి. మాస్కులు పెట్టుకుని, చేతులు తల మీద పెట్టుకుని మేమిద్దరం పరుగెత్తిన పరుగు చూసినవాళ్ళు ఏమనుకున్నారో!

సెప్టెంబర్ 13 రాత్రి నుంచి 'సింగిల్ సోషల్ బబుల్' వచ్చింది. ఒంటరిగా ఉండేవాళ్ళు, ఒంటరి తల్లిదండ్రులు ఒక్క మనిషిని ఎంచుకోవచ్చు, ఆ మనిషి ఇంటికి రావచ్చు. వినడానికి వరం. కానీ ఒక్కరినే! స్వయంవరంలా తయారైంది వ్యవహారం. మేం ముగ్గురం ఒంటరివాళ్ళం తరచూ మాట్లాడుకునేవాళ్ళం. ఇద్దరు జతైతే మూడో మనిషి సంగతేంటి? ఎవరూ ఆ మాట ఎత్తలేదు. చివరికి నేనే గ్రూపులో అడిగేశాను. మూడో ఆవిడ తన అక్కను ఎంచుకోవాలని ముందే అనుకుందట, మేం బాధపడతామని చెప్పలేదట. అలా నేనూ ఆ కోబర్గ్ కొలీగూ జతయ్యాం. మొదటిసారి నా ఫ్లాట్‌లో ఇంకో మనిషి కుర్చీలో కూర్చుని టీ తాగుతుంటే ఏం మాట్లాడాలో తెలియలేదు. ఇద్దరం ల్యాప్‌టాప్‌లు తెరిచి మా పనులు మేం చేసుకున్నాం. అదే హాయిగా ఉంది.

కలవలేని రోజుల్లో కూడా అదే చేశాం. వీడియో కాల్ పెట్టి, మాటల్లేకుండా, ఎవరి వంట వాళ్ళు చేసుకోవడం. కుక్కర్ విజిల్ అవతల నుంచి వినిపిస్తే చాలు. పనిగట్టుకుని మాట్లాడే కాల్స్ కంటే ఇవే పనిచేశాయి నాకు.

వార్తల విషయం తొందరగా చెప్తాను. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రానికి అప్పటి ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) డేనియల్ ఆండ్రూస్ 120 రోజులు వరుసగా ప్రెస్ మీట్ పెట్టారు, కొన్నాళ్ళు నేను ప్రతిదీ గంటన్నర కూర్చుని చూశాను. ఆగస్టు 5న 725 కేసులన్న రోజు తర్వాత మానేసి, పొద్దున అంకె ఒక్కటే చూసేదాన్ని. అక్టోబర్ 26న సున్నా వచ్చింది, 28న షాపులు తెరిచారు.

ఇవన్నీ చేసినా నిద్ర పట్టని వారాలున్నాయి. అప్పుడు కౌన్సెలర్‌తో మాట్లాడాను. ఆ ఏడాది మెడికేర్ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) కింద సైకాలజిస్ట్ సెషన్లు 10 నుంచి 20కి పెంచారు గానీ నా వీసాకు మెడికేర్ లేదు. చాలా కంపెనీల్లో ఈఏపీ (ఎంప్లాయీ అసిస్టెన్స్ ప్రోగ్రామ్) అని ఉంటుంది, ఉద్యోగులకు కొన్ని సెషన్లు ఉచితం, మేనేజర్‌కు తెలియనవసరం లేదు. హెచ్‌ఆర్ పేజీలో ఎక్కడో మూలన ఉంటుంది, వెతకండి. స్టూడెంట్లయితే యూనివర్సిటీలోనే కౌన్సెలింగ్ ఉంటుంది. ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్ళు ఏ రాత్రయినా లైఫ్‌లైన్ అనే హెల్ప్‌లైన్ 13 11 14కి ఫోన్ చేయొచ్చు. ఇంగ్లీషులో మనసు విప్పలేమనిపిస్తే ముందు ప్రభుత్వ అనువాద సేవ 131 450కి చేసి, దుబాసీని అడిగి, లైఫ్‌లైన్‌కు కలపమనండి.