దిక్సూచి ముల్లు పక్కకు తిరిగితే భూకంపం వస్తుందా?

భూకేంద్రం తిరగడం ఆగిపోయిందనీ, భూమి అయస్కాంత బలం తగ్గిపోతోందనీ, ఈ రెండింటి వల్ల నల్లగొండ, పాలమూరు ప్రాంతాలకు పెద్ద భూకంపం తప్పదనీ ఒక వీడియోలో విన్నానన్నారు. దానికి తోడు దేవరకొండ దగ్గర మీ చేను గట్టున ఫోన్‌లోని దిక్సూచి ఉత్తరాన్ని తప్పుగా చూపించిందని రాశారు. మీ భయాన్ని కొట్టిపారేయడం నాకు చేతకాదు, ఎందుకంటే ఇంచుమించు ఇదే సిద్ధాంతాన్ని నమ్మి నేనే ఒక నోటుపుస్తకం నింపాను.

2020 జనవరిలో పులిచింతల జలాశయం చుట్టుపక్కల, చింతలపాలెం వైపు, భూమి పదేపదే కంపించిన రోజుల్లో మేము మిర్యాలగూడలో ఉండేవాళ్లం. ఒక రాత్రి వంటగది అరలో స్టీలు గిన్నెలు గలగలమన్న తరువాత నాకు నిద్ర పట్టలేదు. పాత సర్వే దిక్సూచి ఒకటి కొని, మంచం పక్కన బల్ల మీద తెల్ల కాగితం అంటించి, దాని మీద ఒక గీత గీసి, ఆ గీతకూ ముల్లుకూ మధ్య కోణాన్ని రోజూ ఉదయం ఆరు గంటలకు రాసుకోవడం మొదలుపెట్టాను. ఏడు నెలలు గీత కదలలేదు, ముల్లు కదలలేదు. ఆగస్టులో ఒక ఉదయం ముల్లు ఏకంగా నాలుగు డిగ్రీలు పడమటికి జరిగి కనిపించింది. భూకేంద్రంలో ఏదో జరుగుతోందని నిర్ణయించుకుని, పది రోజులు జాగ్రత్తగా ఉండమని బంధువులందరికీ ఫోన్లు చేశాను. పదకొండో రోజున మా ఆవిడ నా పుస్తకంలో తేదీ చూసి, "ఇనుప బీరువాను కిటికీ దగ్గర నుంచి ఇటు జరిపించింది ఆ ముందురోజే కదండీ" అంది. బీరువాను వెనక్కు నెట్టించాను. ముల్లు కూడా వెనక్కు వెళ్లిపోయింది. బంధువులకు మళ్లీ ఫోన్లు చేయవలసి రావడం వేరే కథ.

మీ చేను విషయానికి వస్తే, గట్టు పక్కన నల్లరాయి ఉన్నదేమో చూడండి. మన ప్రాంతపు గులాబీ, బూడిద రంగు గ్రానైటు నేలను చీల్చుకుంటూ పొడవాటి గోడల్లాగా సాగే నల్లరాతి వరుసలు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో చాలా ఉన్నాయి. భూగర్భ శాస్త్రవేత్తలు వీటిని డైకులు అంటారు, రాయిని డోలరైట్ అంటారు. బోరు పాయింట్లు చూసేవారికీ ఇవి బాగా తెలుసు, ఎందుకంటే భూగర్భ జలానికి ఇవి చాలాచోట్ల అడ్డుకట్టలా నిలుస్తాయి. రెండు వందల కోట్ల ఏళ్లకు పూర్వం పగుళ్లలోకి ఎగదన్నిన కరుగు శిల చల్లబడి ఇలా గట్టిపడింది. అందులోని మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం ఆనాటి భూ అయస్కాంత దిశను తనలో పట్టి ఉంచుకుంటుంది, పిడుగు పడిన చోటనైతే ఇంకా బలంగా అయస్కాంతీకరణ చెందుతుంది. మా బంధువుల ఊరి బయట అటువంటి ఒక బండ మీద నా దిక్సూచిని పెట్టినప్పుడు ముల్లు ముప్పై డిగ్రీలకు పైగా తిరిగింది, నాలుగడుగులు పక్కకు జరిపితే మళ్లీ సర్దుకుంది. భూకేంద్రంలో మార్పు వల్లనైతే నాలుగడుగుల్లో తేడా రాదు కదా. ఫోన్ కవరుకు అయస్కాంతపు మూత ఉంటే అది కూడా తీసి చూడండి.

ఇక అసలు భూమి అయస్కాంత క్షేత్రం పుట్టేది దాదాపు 2,900 కిలోమీటర్ల లోతున మొదలయ్యే బాహ్య కేంద్రమండలంలో, కరిగిన ఇనుము, నికెల్ ప్రవాహాల వల్ల. 1830ల నుంచి ఇప్పటివరకు ఆ క్షేత్రం సుమారు తొమ్మిది శాతం తగ్గిన మాట నిజమే. 1831లో కెనడా ఉత్తర తీరాన గుర్తించిన అయస్కాంత ధ్రువం సైబీరియా వైపు జరిగిన మాట కూడా నిజమే. అయితే ధ్రువాలు చివరిసారి తారుమారైనది సుమారు 7,80,000 ఏళ్ల క్రితం, అటువంటి మార్పు పూర్తికావడానికి వేల ఏళ్లు పడుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ మన చౌటుప్పల్‌లోనే ఒక అయస్కాంత పరిశీలనశాలను నడుపుతున్నది. మన ప్రాంతంలో క్షేత్రం 43,000 నానోటెస్లాల (అయస్కాంత బలాన్ని కొలిచే ప్రమాణం) చుట్టుపక్కల ఉంటుంది, సూర్యుని ప్రభావం వల్ల అందులో పదుల నానోటెస్లాలు రోజూ పెరిగి తగ్గుతూనే ఉంటాయి. నా దిక్సూచికి గానీ మీ ఫోన్‌కు గానీ ఆ తేడా కనిపించే అవకాశమే లేదు.

భూకేంద్రం ఆగిపోయిందన్న కబురు 2023లో వచ్చిన ఒక పరిశోధన నుంచి పుట్టింది. సాగర్ రోడ్డు మీద మన బస్సు పక్కన మరో బస్సు అదే వేగంతో పోతుంటే కిటికీలోంచి అది నిలిచినట్టే కనిపిస్తుంది. లోపలి గట్టి గోళం భూమి పైపొరలతో పోలిస్తే కాస్త ముందుకో వెనక్కో జరిగే తీరు మారిందని మాత్రమే ఆ పరిశోధకులు చెప్పారు. గోళం మనతోపాటు రోజుకొకసారి తిరుగుతూనే ఉంది.

భూకంపాలు అంత లోతున పుట్టవు. ప్రపంచంలో అతి లోతైనవి కూడా సుమారు 700 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతాయి, మన ద్వీపకల్పంలో వచ్చేవి పైనున్న భూపటలంలోని పాత పగుళ్లవి. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చి హైదరాబాద్‌లో కూడా తెలిసిన కంపం గోదావరి లోయ పగుళ్ల ప్రాంతానిది. మహారాష్ట్రలో 1967 నాటి కోయనా భూకంపానికీ అక్కడి జలాశయం నీటికీ సంబంధం ఉందని శాస్త్రవేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు. దక్షిణ తెలంగాణ తక్కువ ప్రమాద మండలంలో ఉందని చెప్పి నేను మిమ్మల్ని నిశ్చింతగా ఉండమనడం లేదు, ఎందుకంటే 1993 సెప్టెంబరు 30 వేకువజామున సుమారు పదివేల మందిని బలిగొన్న భూకంపం వచ్చిన మహారాష్ట్రలోని కిల్లారి కూడా అప్పటి పటంలో అతి తక్కువ ప్రమాదమున్న మండలంలోనే ఉండేది. అక్కడ నిద్రలో ఉన్నవారి మీద కూలినవి మట్టితో పేర్చిన రాతిగోడలు, వాటి మీది బరువైన మట్టి మిద్దెలు.

మా తాతగారు కట్టిన మిద్దె సరిగ్గా అటువంటిదే. బీరువా సంగతి బయటపడ్డాక నోటుపుస్తకం మూసేసి ఆ ఇంటికి ఒక మేస్త్రిని తీసుకెళ్లాను. లోపలి వరుసకూ బయటి వరుసకూ మధ్య వట్టి మట్టే తప్ప, గోడ మందమంతా పట్టే పొడవాటి రాయి ఒక్కటి కూడా లేదని ఆయన గడ్డపారతో తట్టి చూపించాడు. అటువంటి రాళ్లు గుచ్చి, మిద్దె మీది మట్టిని సగం దింపించాము.